పద్దెనిమిది ముడులు

పాలంపేట,
6 అక్టోబరు 1985.

తండ్రిలాంటి వీరభద్రం సారుకు,

యాకమ్మ నమస్కారాలు. మంచిర్యాలలో మీ అమ్మాయి ఇంట్లో మీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని చదివి సంతోషించాను. ఇక్కడ నాకు బడి బాగానే ఉంది. పాఠాలు చెప్పడానికి నాలుగో తరగతి ఇచ్చారు.

"మన హాకీ లీగు పోయి మూడేళ్లయింది, నేను కళ్లు మూసేలోపు దాని చరిత్ర రాసిపెట్టు" అని అడిగారు. మీ మాట ప్రకారం మొదలుపెట్టాను. ఎనిమిది రిజిస్టర్లూ ట్రంకుపెట్టెలోంచి తీశాను. మొదటి మూడింట్లో మీ చేతిరాత ఉంది, తర్వాతవి నేను రాసినవి. కాజీపేటలో బొగ్గు నుసి పరిచిన ఆ మైదానం, వెదురు బొంగుల గోలుపోస్టులు, తుమ్మకర్రను నిప్పుల మీద వంచి వడ్లాయన చేసిచ్చిన స్టిక్కులు, గోనెసంచిలో గడ్డి కుక్కి కీపరు కాళ్లకు కట్టిన ప్యాడ్లు అన్నీ రాశాను. కాజీపేట, మిల్లు కాలనీ, హనుమకొండ, వర్ధన్నపేట, మా నెక్కొండ జట్లు ఏ సంఘంలోనూ చేరకుండా, ఎవరి సాయమూ లేకుండా, ప్యాసింజరు బండ్లలో తిరిగి ఎనిమిదేళ్లు ఆడాయని రాశాను. పద్దెనిమిదేళ్లు నిండినవాడు తన స్టిక్కును జట్టులో అందరికంటే చిన్నవాడి చేతిలో పెట్టి మైదానం దిగిపోయే మన ఆచారం కూడా రాశాను. 1980 దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

ఆ యేడు జనవరి పదమూడు, ఆదివారం, నెక్కొండకూ వర్ధన్నపేటకూ ఫైనలు. రిజిస్టరులో ఒక వాక్యం ఉంది: "వర్ధన్నపేట సెంటర్ ఫార్వర్డు కట్టయ్యకు వయసు మీరినందున తొలగించడమైనది." ఆ రాత నాది. ఆ వాక్యం తప్పు సార్.

జరిగినదంతా మీకు తెలియదు, మీరు అప్పుడు మైదానంలో సున్నం గీతలు గీయిస్తున్నారు. పొద్దున్నే, వర్ధన్నపేట చేతిలో ఓడిన మిల్లు కాలనీ కెప్టెను ఫిర్యాదుతో వచ్చాడు. "వాని మీసం చూడున్రి, వానికి పెండ్లయి ఇద్దరు పిల్లలుంటరు" అన్నాడు. కట్టయ్య నవ్వుతూ, "నీకు మీసం రాకపోతే నేనేం జెయ్యాలెరా" అన్నాడు. బడి రిజిస్టర్లను నమ్మే వీలులేదు, పంతుళ్లు అందరికీ జూన్ ఒకటో తారీఖే రాసేవారు. అందుకే తల్లి నోటి మాటే సర్టిఫికెట్టు అని మీరు నియమం పెట్టారు. ఆడపిల్లతోనైతే తల్లులు భయం లేకుండా మాట్లాడతారని నన్ను రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. డిసెంబరు ఆఖరుకు పద్దెనిమిది నిండితే ఆడకూడదు. కట్టయ్య తల్లి మొగిలమ్మ కబురందుకుని పదకొండు గంటల బస్సుకు వచ్చింది.

"నీ కొడుకు ఏ యేడు పుట్టిండమ్మా?" అని అడిగాను.

"ఏడు నాకేమెరుక బిడ్డా. పీర్ల సవారి నాడు పుట్టిండు. ఇద్దరు పిల్లలు పోయినంక పుట్టిండని పీరుకు మొక్కుకున్న. ఏడాది తిరిగిన పీర్ల సంది ప్రతి పీర్లకు పీరుకు దట్టి గుడ్డ కట్టి, ఈ దారానికి ఒక ముడి ఏత్తాన." కొంగున ఉన్న ఎర్రదారం విప్పి రిజిస్టరు మీద పెట్టింది. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది ముడులు. ఆఖరి ముడి నవంబరు నెలాఖరుది. ఇక అడగడానికి ఏమీ లేదనుకున్నాను.

ఆమె ఆగలేదు. "మిరుగం పొడిచిన దినాలు బిడ్డా. తొలివాన పడ్డది. మా ఆయన గొర్రు కట్టిండు, నాకు నొప్పులొచ్చినయి" అంది.

నేను నవ్వాను సార్. "పీర్లు చలిల వత్తయి. మిరుగం ఎండలు పోయినంక వత్తది. రెండూ ఒక్కనాడే ఎట్లయితయమ్మా? నువ్వు మర్చిపోయినవు" అన్నాను.

"గప్పుడు గట్లనే అచ్చినయి బిడ్డా..."

"నువ్వు జర ఊకో. ముడులే చెప్తానయి గద" అని రిజిస్టరు మూసేశాను. మీరొచ్చి "అయిందా?" అంటే, "పద్దెనిమిది నిండినయి సార్" అన్నాను.

మొన్న సెప్టెంబరు నెలాఖరున ఇక్కడ మొహర్రం పీర్లు లేచాయి. వరి పొట్ట మీద ఉంది, బతుకమ్మ ఇంకా రాలేదు. చలి ఊసే లేని రోజుల్లో పీర్లేమిటని పీరునెత్తే సాయబును అడిగాను. "మా నెలలు చంద్రుని నెలలు టీచరమ్మా. మీకు అధికమాసం ఉంటది, మాకు లేదు. ఏడాదికి పదకొండు దినాలు ఎనుకకు జరుగుతయి" అన్నాడు. గదికి వచ్చి పెన్సిలు తీసుకున్నాను. పద్దెనిమిది పీర్లు, పదకొండు రోజుల చొప్పున నూట తొంభై ఎనిమిది రోజులు, అంటే పద్దెనిమిదేళ్లకు ఆరున్నర నెలలు తక్కువ. కట్టయ్య పుట్టింది 1962 జూన్ రెండో వారం. మృగశిర కార్తె, ఆమె అన్న మిరుగమే. ఫైనలు నాటికి అతనికి పదిహేడేళ్ల ఏడు నెలలు. ఆమె చెప్పిన రెండు మాటలూ నిజమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. నా చిన్నతనంలో పీర్లు ఎండాకాలంలో వచ్చేవి. నిప్పుల గుండం చుట్టూ తిరిగితే ఎండకు కాగిన మన్నుకే అరికాళ్లు కాలేవి. అది నాకు తెలుసు. పుస్తకం ముందు కూర్చున్న ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు.

ఈ వాక్యాన్ని దిద్దకుండా చరిత్ర రాయలేను. దిద్దితే మా ఊరికి వచ్చిన ఒకే ఒక్క కప్పు మీద మచ్చ పడుతుంది. ఏం చేయమంటారో రాయండి.

మీ శిష్యురాలు,
యాకమ్మ.


నెక్కొండ,
24 అక్టోబరు 1985.

పూజ్యులైన సారుకు,

దసరాకు ఇంటికి వచ్చాను. పాలంపేటకు మీరు రాసిన కార్డు వెంట తెచ్చుకున్నాను. "లీగే లేదు, ఆ పిల్లలూ పెద్దవాళ్లయ్యారు. ఆ ఒక్క వాక్యం వదిలేసి మిగిలింది రాయి తల్లీ" అన్నారు. నా మీది దయతో అన్నారని తెలుసు. మొదటిసారి మీ మాటకు ఎదురు చెబుతున్నాను, క్షమించండి.

తమ్ముడు ఎల్లస్వామి కూడా సెలవు మీద వచ్చాడు. ఆ ఫైనలు చూడటానికి సికింద్రాబాదు నుంచి పెద్ద జట్టు కోచ్ వచ్చాడు కదా. వర్ధన్నపేట సెంటర్ ఫార్వర్డును చూసి పోదామని వచ్చానని ఆయన మీతో అంటుంటే నేనూ విన్నాను. అతను ఆడలేదు. మా తమ్ముడు ఒక గోలు కొట్టాడు, కోచ్ వాడిని తీసుకుపోయాడు. ఇవాళ వాడికి ఉద్యోగం, నాయినకు ఇటుక గోడల ఇల్లు, ఆ గోలు వల్లే. వాడికి అంతా చెప్పాను.

"అక్కా, నీకేమన్న పిచ్చి లేసిందా? మనూరికి ఉన్నదే ఒక్క కప్పు" అన్నాడు.

"కప్పు వాపసు ఇయ్యమంటలేను. జరిగింది రాత్తనంటాన."

"రాత్తే ఏమంటరు? కట్టయ్య లేని జట్టు మీద గెలిచిన్రంటరు. ఇగ నా గోలు ఏం గోలు?"

"నీ గోలు నువ్వే కొట్టినవురా."

"కొట్టిన. గని వాడుంటే మా హాఫు బ్యాకులకు బాలు దొరికేదేనా? ఆ సంగతి నాకెరుక లేదనుకున్నవా?" అని చెంబు కింద పెట్టి వాకిట్లోకి వెళ్లిపోయాడు. ఆరేళ్లుగా వాడూ దాన్ని మోస్తున్నాడని అప్పుడు తెలిసింది. గోడవారన కూర్చున్న నాయినను నేనేం చేయాలని అడిగాను. "సదువుకున్నదానివి, నీకు తెల్వదా బిడ్డా. నువ్వేది జెప్తే గదే" అన్నాడు. మా ఇంట్లో అక్షరం నేర్చిన మొదటిదాన్ని కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. ఎప్పుడూ గర్వంగా ఉండేది. నిన్న మాత్రం భయం వేసింది.

మీకైనా నిజం చెప్పాలి. తమ్ముడి కోసం నేను తప్పు రాయలేదని ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను. కానీ పద్దెనిమిదో ముడి వేలికి తగలగానే లోపల ఒక చిన్న సంతోషం కలిగింది. లెక్క తేలినందుకు కలిగిందో, తమ్ముడు గెలుస్తాడని కలిగిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మొగిలమ్మ మాట చివరిదాకా విననివ్వనిది ఆ సంతోషమేనేమో.

వర్ధన్నపేట వెళ్తున్నాను. కట్టయ్య కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. అతను తిట్టినా కొట్టినా సరే. అతని బతుకును ఒక్క వాక్యంతో మలుపు తిప్పినదాన్ని, అతని ముందు నిలబడకుండా ఆ వాక్యాన్ని ఇంట్లో కూర్చుని దిద్దలేను.

మీ
యాకమ్మ.


పాలంపేట,
17 నవంబరు 1985.

నాన్నగారి వంటి సారుకు,

పోయిన ఆదివారం వర్ధన్నపేట వెళ్లివచ్చాను. వారం రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. నేను ఒకటి అనుకొని పోయాను, అక్కడ చూసింది వేరు.

కట్టయ్య రైసు మిల్లులో పని చేస్తున్నాడు. పెళ్లయింది. నేను వెళ్లేసరికి వాకిట్లో సైకిలు గొలుసు వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఓ, రిజిస్టరు మేడం! ఇప్పుడు ఎవలి వయసు రాయనీకి వచ్చినవు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. భార్య మంచినీళ్లు తెచ్చింది. మొగిలమ్మ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చి గడప అవతలే నిలబడింది. కట్టయ్య భార్య వైపు తిరిగి, "మేడంకు చాయ పెట్టుమని జెప్పు" అన్నాడు. చాయ పెట్టవలసింది మొగిలమ్మ. ఆమె మూడు గజాల దూరంలోనే ఉంది. కాసేపటికి "బియ్యం చెరిగిందా అడుగు" అన్నాడు. ఈ కొడుకు తల్లితో మాట్లాడడని అప్పటికి గాని నాకు తట్టలేదు.

నేను అనుకున్నదంతా ఒకేసారి చెప్పేశాను. పీర్లు వెనక్కి జరగడం, ఆరున్నర నెలలు, జూన్ రెండో వారం అన్నీ చెప్పాను. కాగితం మీద లెక్క కూడా చూపించాను. తప్పు నాది, నీ వయసు సరిపోయింది, నువ్వు ఆడాల్సినవాడివి అన్నాను. అతను తిడతాడని చూశాను. తిట్టలేదు. కాగితం వంక చాలాసేపు చూసి, "అంటే మా అవ్వ తప్పు చెప్పలేదా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతని భార్యే చెప్పింది. "ఆరేండ్ల సంది గిదే లొల్లి మేడం. నువ్వు సక్కగ జెప్పకనే నా బతుకు గిట్లయింది, కన్నదినం కూడ తెల్వని తల్లివా అని ఆనాడు అన్నడట. గప్పటి సంది అవ్వా అని పిలువడు. నేను వచ్చి నాలుగేండ్లాయె, ఒక్కపాలి గూడ వినలేదు."

ఆరేళ్లు నేను కట్టయ్యకే అన్యాయం చేశాననుకున్నాను సార్. అతను నన్ను ఒక్కనాడూ తప్పుపట్టలేదు. పుస్తకం తప్పు రాస్తుందని అతనికి తోచనే లేదు. తల్లినే తప్పుపట్టాడు.

మొగిలమ్మ గడప మీద కూర్చుంది. "నేను గూడ గట్లనే అనుకున్న బిడ్డా. సదువుకున్న పిల్ల నవ్వి చెప్పె గద, నేనే మరిచినేమో అని. ఆ పొద్దు వాన నా ఒంటి మీద పడ్డది. గొర్రు సప్పుడు చెవులార విన్న. అయినా గాదేమో అనుకున్న. పోయిన ఇద్దరు పిల్లలు ఏ దినాలల్ల పోయిన్రో గది గూడ నిజమో గాదో అని ఫికరయ్యేది" అంది. ఏడవలేదు. ఎవరికో జరిగినట్టు చెప్పింది.

నేను ఆమె కాళ్ల మీద పడబోతే చేయి పట్టి ఆపింది. "నువ్వు మాత్రం ఏం జేత్తవు, చిన్నపిల్లవు. తింటానవా సక్కగ? బొక్కలు తేలినయి" అంది.

రిజిస్టరు వెంట తీసుకుపోయాను. పాత వాక్యం కొట్టేయలేదు, దాని కిందే రాశాను. నా లెక్కలో తేలిన పుట్టిన తేదీ రాయలేదు. అమ్మా, నువ్వు చెప్పు, నీ మాటే రాస్తాను అన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి గట్టిగా చదివాను: "కట్టయ్య మిరుగంల పుట్టిండు, పీర్ల సవారి నాడు, తొలివాన పడి గొర్రు కట్టిన పొద్దు. ఇది వాని తల్లి మొగిలమ్మ మాట. ఫైనలు నాటికి వానికి పద్దెనిమిది నిండలే." కింద నా సంతకం, పక్కన ఆమె వేలిముద్ర. చరిత్రలో ఇదే ఉంటుంది. మా ఊరి కప్పు మా ఊళ్లోనే ఉంటుంది, ఈ వాక్యం దాని పక్కనే ఉంటుంది. తమ్ముడికి రాస్తే, "రాసెయ్ అక్కా, నాకూ బరువు తీరుతది" అని జవాబిచ్చాడు.

నేను లేవబోతుంటే కట్టయ్య ఇంట్లోకి పోయి, చూరులో చెక్కి ఉన్న ఎర్రదారం తీసుకొచ్చాడు. మసి పట్టింది. పద్దెనిమిది ముడులే ఉన్నాయి. ఆ రోజు తర్వాత ఆమె మళ్లీ ముడి వేయలేదట. తన లెక్కే తప్పయ్యాక ముడులెందుకనుకుందట.

అతను తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. దారం ఆమె ఒళ్లో పెట్టాడు. "అవ్వా, ఇంక ఎన్ని ముడులు ఎయ్యాలె?" అన్నాడు.

ఆమె అలవాటుగా తలెత్తి నా వంక చూసింది. జవాబు నాకు తెలుసు సార్. నోటిదాకా వచ్చింది. నేను తల వంచుకుని ఊరుకున్నాను.

మొగిలమ్మ వేళ్ల మీద పీర్లు లెక్కపెట్టుకుంది. తొందరపడలేదు.

"ఆరు బిడ్డా" అంది.

మీ
యాకమ్మ.