నంద్యాల దాటిన అయిదు నిమిషాలకు

ఆళ్లగడ్డ, 21-11-78, మంగళవారం

పొద్దున నంద్యాలలో ఏసుదాసన్న మట్టికి పోయి, గుంతలో పిడికెడు మన్నేసి వచ్చినా. నాతో పాటు పంతులు ట్రైనింగు చేసిన మనిషి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే విమానం నంద్యాల మీద ఎన్నింటికి పోయిందో ఆయన రాసేవాడు, ఆళ్లగడ్డ మీదికి ఎన్నింటికి వచ్చిందో నేను రాసేవాణ్ణి. బస్సుకు గంటకు పైన పట్టే దూరం, దానికి అయిదే నిమిషాలు. రెండేండ్లుగా ఇదే మా పిచ్చి.

వదిన ఆయన నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "నీకే ఇయ్యమన్యాడప్పా" అనింది.

వచ్చేటప్పుడు బస్సులో తెరిచినా. ఆఖరి వరసలో ఈ పొద్దు తేదీ, పక్కన 7-20. ఆయన రాతే. నిన్న తెల్లారకముందే కన్ను మూసిన మనిషి! జ్వరంలో రాసింటాడులే అనుకున్యా. ఆ విమానం దినామూ ఒకే టైముకు రాదు గదా.

సాయంత్రం మిద్దె ఎక్కినా. అది నెత్తి మీదికి వచ్చినప్పుడు వాచీ చూస్తే 7-25.

కిందికి దిగితే మా ఇంటామె, "ఏందట్ల చెమటలు పట్టినాయి?" అనింది.

ఇప్పుడు మళ్లా నోటుబుక్కు తెరిచినా. బస్సులో చూసినప్పుడు ఆ వరసే ఆఖరిది, బాగా గుర్తుంది. దాని కింద రేపటి తేదీ ఉంది.

టైము ఇంకా రాయలేదు.