పైన మానిన పుండు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు పడ్డట్టే పోయిన నెల తమ్ముడి కాలి మీద కూడా కంపెనీలో ఇనుప రాడ్ పడింది. నీకు కాచినట్టే వాడికీ మేకకాళ్ల పాయా కాచి పోశాను. పుండు ఎండగానే "మానిందక్కా, రేపు డ్యూటీకి పోత" అన్నాడు. నువ్వూ అదే మాట అని గోలీలు ఆపేశావు.

ఇవాళ పటాన్‌చెరు డాక్టరు వాడి ఎక్స్‌రే చూపించాడు. "పైన తోలు మానిందమ్మా, లోపల ఎముకలో క్రిములున్నయ్. వారాల తరబడి సూదులు వేయాలె. మధ్యల ఆపితే రక్తంలకు పోతయ్" అన్నాడు. నీకేమైందో అప్పుడు అర్థమైంది. ఏడుపు రాలేదు. ముత్తంగిలో బస్సు దిగి అరటిపళ్లు కొన్నాను.

ఇంటికొచ్చి వాడి డ్యూటీ బూట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. చోటు కోసం నీ బూట్లు కొంచెం జరపాల్సి వచ్చింది.