ఫ్లష్ పరీక్ష

అమ్మ తర్వాత అమ్మవైన వదినకి,

ఫోన్ చేస్తే "తిన్నావా, సరే పడుకో" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. వచ్చే వారం స్టేడియంలో ఫ్లష్ పరీక్ష మళ్ళీ ఉంది. ఈలోగా నీ జవాబు నాకు కావాలి. ఈ ఉత్తరం మీ పక్కింటి టీచరమ్మగారు చదివి వినిపిస్తారని తెలుసు. టీచరమ్మగారూ, మా వదిన మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోతే దయచేసి మళ్ళీ పిలిచి కూర్చోబెట్టి చదవండి.

నా ఉద్యోగానికి మచ్చ తెచ్చానని అన్నయ్యతో చెప్పి నువ్వు పుట్టింటికి వెళ్ళిపోయావు. ఆ రోజు నా వైపు నుంచి ఎలా ఉందో నీకు తెలియదు. ఫుట్‌బాల్ ఆట సగంలో ఆగగానే వేలమంది ఒక్కసారే మరుగుదొడ్లకు పరిగెడతారు. అన్ని నీళ్ళను డ్రైనేజీ పైపు మొయ్యగలదా లేదా అని ముందే చూడాలి. ఆ పైపులు నా బాధ్యత. పొద్దున్నే కొత్త ఫ్లష్ ట్యాంకులన్నీ నింపించి, లెక్క తప్పకుండా మళ్ళీ నీళ్ళు ఎక్కని విధంగా పై వాల్వు కట్టేయించాను. శుభ్రం చేసే పనిలో ఉన్న మీరంతా ఒక్కొక్కరు ఒక్కో తలుపు దగ్గర నిలబడ్డారు. నేను విజిల్ వేస్తే అందరూ ఒకేసారి బటన్ నొక్కాలి.

టోర్నమెంటు సంఘం పంపిన పరిశీలకులు నా పక్కనే ఉన్నారు. విజిల్ వేశాను. హోరుమని మోగాల్సింది పోయి, ఎవరో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు వినిపించింది. పెద్ద ఇంజినీరు గారు అందరి ముందూ "పైపులు వెయ్యమంటే బొమ్మలు గీశావా?" అన్నారు. ఇన్నేళ్ళూ చదివిందంతా ఆ ఒక్క క్షణంలో నన్ను వదిలి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

అప్పుడు నువ్వు కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చావు.

"సార్, మా గొట్టాల పిల్ల తప్పేం లేదండి. ట్యాంకుల్లో నీళ్ళు పొద్దున మేమే తోడుకున్నాం. ఎవరూ వాడని కొత్తవి కదా, నీళ్ళు తేటగా ఉన్నాయి. ఊరికే పారబోస్తారంటే మనసొప్పలేదు. క్యాన్లు మెట్ల కింద ఉన్నాయి, చూసుకోండి."

మైదానంలో గడ్డి పరిచినప్పటి నుంచి మన వీధి కుళాయి ఎండిపోయింది. గడ్డికి పోయేదీ మనకు రావాల్సిందీ ఒకే పైపు నీళ్ళు. ఈ మాట నేను మీటింగుల్లో ఎత్తినప్పుడల్లా "టోర్నమెంటు అయ్యాక చూద్దాంలే" అనేవారు. మన వీధి దశ తిరుగుతుందని చెప్పి గోడలకు రంగులు వేయించి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనిపించలేదు.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు దొంగతనం అని పేరు పెట్టి మిమ్మల్నందరినీ తీసేశాడు. తర్వాత జరిగింది నీకు చెప్పలేదు. పరిశీలకుల ముందు దొంగతనమేనని నన్ను కూడా చెప్పమన్నారు మా ఆఫీసువాళ్ళు. ఆ మాట నా నోట రాదన్నాను. మరునాడు రాజీనామా ఇచ్చేశాను. ఇందుకేనా నిన్ను చదివించింది అని తిడతావని దాచాను. తిట్టు, పడతాను. కానీ వదినా, చిన్నప్పుడు బడికి ఆలస్యమవుతుందని నీళ్ళ వరసలో నా బిందె లాక్కుని "నువ్వు ఫో, నీ వంతు నేను నిలబడతా" అన్నదెవరు? మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. నన్ను ఆ గడప దాటించిన చేతులను దొంగ చేతులని ఎలా అనమంటావు?

రెండో పరీక్ష దాకా ఉండి వెళ్ళమన్నారు. ఈసారి కాంట్రాక్టరు ఊరి అవతలి నుంచి వేరే ఆడవాళ్ళను వ్యానులో తెచ్చాడు. విజిల్ వేశాను. మళ్ళీ అదే దగ్గు. ఒక పెద్దామె తలుపు చాటు నుంచి తొంగి చూసి, "మా ఇంటి కుళాయి మొహం చూసి ఎన్నాళ్ళయిందో అయ్యా. పారబోసేవేగా అని తలా ఒక బాటిలు..." అని నసిగింది. పెద్ద ఇంజినీరు గారు మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. ఏమైందని పరిశీలకులు అడిగితే గడ్డి దగ్గర్నుంచి మన కుళాయి దాకా అంతా చెప్పేశారు. చుట్టుపక్కల వీధులకు నీళ్ళు ఇచ్చేదాకా స్టేడియం కాగితాల మీద సంతకం పెట్టేది లేదని వాళ్ళు తేల్చేశారు.

ఎన్నో మీటింగుల్లో కదలని పని వారంలో అయింది, మన వీధికి వేరే పైపు పడింది. ఎక్కడ తవ్వాలో ముగ్గు వేసి దారి చూపించింది నేనే. కుళాయికి నీళ్ళు వచ్చిన పొద్దున వీధిలో ఎవరూ కేకలు వెయ్యలేదు. బిందెలు నింపుకుని, నిండిన బిందెల పక్కనే కాసేపు ఊరికే నిలబడ్డారు. నీ పేరు తలుచుకోని ఇల్లు లేదు. ఈ నీళ్ళు టోర్నమెంటు అయ్యేదాకానే అని కాగితంలో రాశారు. ఆ తర్వాతి సంగతి తర్వాత పోట్లాడదాం.

నా రాజీనామా పెద్ద ఇంజినీరు గారు తిరిగి నా చేతికే ఇచ్చారు. మీ అందరినీ పనిలోకి తీసుకుంటున్నారు. క్షమాపణ చెప్పి రావాలని కాంట్రాక్టరు అంటే, "చెప్పాల్సినవాళ్ళం మనం. ఆవిడ కాదు" అన్నారాయన. నేను పక్కనే ఉండి విన్నాను.

అన్నయ్య వంట సంగతి రాస్తే జాలిపడి వచ్చేస్తావు, అందుకని రాయడం లేదు. జాలితోనూ రావద్దు, నా కోసమనీ రావద్దు. ఈ పనీ టోర్నమెంటుతోనే అయిపోతుంది, అదీ దాచను. ఆ రోజు స్టేడియం మెట్ల మీద నుంచి తల వంచుకుని దిగావు. అవే మెట్లు తలెత్తుకుని ఎక్కాలనిపిస్తేనే రా. కాంట్రాక్టరు నీ చోటు పన్నెండో తారీఖు వరకే ఉంచుతాడట. వస్తావో రావో అంతకుముందే నాకు అందేలా టీచరమ్మగారి చేత రాయించి పంపు.

ఎన్ని జన్మలైనా నీకే ఆడపడుచుగా పుట్టాలనుకునే,
నీ ఆడపడుచు