కరెంటు రూలు

13 ఏప్రిల్ 2003, ఆదివారం

పాపారావు గారి వీడియో గేమ్ షాపులో ఇవాళ చిన్నసైజు అసెంబ్లీ జరిగింది. నేనే స్పీకర్ని. బీఎస్సీ ఫైనలియర్ కాబట్టి, రాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి, ఎవరితోనూ తగువు పెట్టుకోను కాబట్టి చార్టూ స్కెచ్ పెన్నూ నా ముందు పడేశారు.

మే 18న రాజమండ్రిలో ఫుట్‌బాల్ గేమ్ టోర్నమెంట్ ఉంది. ఒక్కో షాపు నుంచి ఒక్కడినే పంపాలి. ఆ ఒక్కడూ ఎవరో తేలాలంటే మాలో మేం ఆడుకోవాలి. ఆడుకోవాలంటే రూల్స్ ఉండాలి. ఇన్నాళ్ళూ మా అమలాపురంలో రూలంటే గొంతు పెద్దవాడు చెప్పిందే.

బ్రెజిల్ టీమ్ ఎవరూ తీసుకోకూడదు. ఈ ఒక్కదానికే గంట పట్టింది. అంజిబాబు అలిగి, బయటికెళ్ళి సోడా తాగి, తిరిగొచ్చి ఒప్పుకున్నాడు. రెండు జాయ్‌స్టిక్కుల్లో నల్లదాని షూట్ బటన్ నొక్కితే ఒక్కోసారి పైకి లేవదు. అందుకని హాఫ్ టైమ్‌లో జాయ్‌స్టిక్కులు మార్చుకోవాలి. గెలిచినవాడు వెళ్ళకపోతే వాడి బదులు ఇంకొకణ్ణి పంపడం లేదు, లేకపోతే ఫ్రెండ్సుకి దానం చేసేస్తారు. మోసం చేసి గెలిచాడని తేలితే మాత్రం ఓడినవాడు వెళ్తాడు.

చివరికి కరెంటు దగ్గర ఆగిపోయాం. షాపులో ఇన్వర్టర్ లేదు. కోత రోజూ ఉంది, వేళ రోజుకోలా మారుతుంది. ఆట మధ్యలో పోతే ఏంటి? మళ్ళీ మొదట్నించి ఆడాలన్నారు కొందరు. అలాగైతే ఓడిపోయేవాడు కరెంటు పోవాలని మొక్కుకుంటాడన్నాను. ఫస్ట్ హాఫ్‌లో పోతే మళ్ళీ ఆట. సెకండ్ హాఫ్ మొదలయ్యాక పోతే ఉన్న స్కోరే ఫైనల్. ఇది నా మాటే. అమ్మిరాజు వెంటనే, ఆయ్, హరిబాబు గారు చెప్పిందే న్యాయమండి అన్నాడు.

అమ్మిరాజు ముక్తేశ్వరం నుంచి సైకిల్ మీద వస్తాడు. మాలో వాణ్ణి మించినవాడు లేడు. వాడే న్యాయం అన్నాక ఇంకెవడు మాట్లాడతాడు.

20 ఏప్రిల్

అంజిబాబు మీద 2-1. సెమీస్‌లో ఉన్నాను. అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను, సిగ్గులేకుండా.

27 ఏప్రిల్

సెమీస్ కూడా గెలిచాను, పెనాల్టీల్లో, అవతలివాడి చేతికి చెమట పట్టి. అమ్మిరాజు తన మ్యాచ్ 5-0 గెలిచాడు. వచ్చే ఆదివారం ఫైనల్లో వాడూ నేనూ.

ఇద్దరం గడియారస్తంభం దగ్గర బజ్జీలు తిన్నాం. వాడు మే 24న మస్కట్ వెళ్ళిపోతున్నాడు, మేనమామ పనిచేసే చోటికి. అసలు పదో తారీఖునే వెళ్ళాలి. వాళ్ళమ్మ వీరాయమ్మ గారు తమ్ముణ్ణి ఫోన్లో బతిమాలి వెనక్కి జరిపించారట. దేనికిరా అన్నాను. రాజమండ్రిలో మైకులో పేరు పెట్టి పిలుస్తారటండి, వెళ్ళేలోపు అందులో నా పేరొకసారి వినాలనుందండి, అక్కడికెళ్ళేక నా పేరుతో ఎవరికి పనండి అన్నాడు.

ఫైనల్లో మీరు బాగా ఆడండి, తేలిగ్గా వదలొద్దండి అని కూడా అన్నాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. అయినా నాకు గుచ్చుకుంది. నేను గెలుస్తానేమోనన్న అనుమానమైనా లేదు వాడికి.

4 మే, ఆదివారం, సాయంత్రం

గెలిచాను.

జరిగింది జరిగినట్టు రాయాలి. మూడున్నరకి ఫోన్ మోగితే నేనే తీశాను. కరెంటు సబ్‌స్టేషన్ నుంచి బావగారు, ఆయన ఉద్యోగం అక్కడే. అక్కావాళ్ళు మా పక్కవాటాలోనే ఉంటారు, ఫోన్ మాత్రం మా ఇంట్లో ఉంది. కోత వేళ తెలియగానే ఆయన ఫోన్ చేస్తారు, ఈలోగా అక్క గ్రైండర్ వేసుకుంటుందని. ఇవాళ నాలుగుంపావుకి తీసేస్తాం, పప్పు రుబ్బేసుకోమను అన్నారు. అక్కకి చెప్పాను. షాపులో ఎవరికీ చెప్పలేదు.

దారిలో లెక్క కట్టాను. ఆట నాలుగింటికి, సగానికి పది నిమిషాలు. నేను ముందుంటే హాఫ్ టైమ్ తొందరగా తెమిల్చెయ్యాలి. వెనకుంటే బంతి బయటికి పోయినప్పుడల్లా పాజ్ నొక్కి ఫస్ట్ హాఫ్ సాగదీయాలి, కరెంటు పోతే మళ్ళీ ఆట. ఎటైనా నాకు నష్టం లేదు. రూలు పెట్టిన రోజున నా మనసులో ఏమీ లేదు, ఒట్టు. ఇవాళ ఉంది.

టాస్ నేను గెలిచి మంచి జాయ్‌స్టిక్ తీసుకున్నాను. నల్లదానితో అమ్మిరాజు గోల్ దాకా వచ్చినప్పుడల్లా బటన్ మొరాయించింది. నాకు కార్నర్ నుంచి ఒక గోల్ పడింది. హాఫ్ టైమ్‌లో వాడు మంచినీళ్ళకి లేచాడు. తర్వాత తాగుదువుగాని, కూర్చో అన్నాను. పాపం కూర్చున్నాడు. మంచి జాయ్‌స్టిక్ వాడి చేతికొచ్చింది. కొట్టిన మొదటి షాట్ గోల్‌పోస్టుకి తగిలింది. మళ్ళీ బంతి లాక్కుని వచ్చేశాడు. నా గోలీ ఒక్కడే మిగిలాడు.

ఫ్యాన్ ఆగింది. టీవీ నల్లబడింది.

అందరూ నా వీపు చరిచారు. అందరికంటే ముందు చెయ్యి చాపింది అమ్మిరాజే.

5 మే

అంజిబాబు పంచాయితీ పెట్టాడు. ఈ రూలు బాలేదు, మార్చి ఫైనల్ మళ్ళీ ఆడిద్దామన్నాడు. ఔనంటే బతికిపోతాను అనుకున్నాను. అందరూ అమ్మిరాజు వైపు చూశారు. ఓడిపోయేక మారిస్తే అది రూలెలా అవుతుందండి, హరిబాబు గారు గెలిచేరు, అంతేనండి అన్నాడు.

నేను చార్టు వైపు చూస్తూ కూర్చున్నాను.

6 మే

అన్నం సహించడం లేదు. అమ్మ ఎండదెబ్బ అని మజ్జిగ తాగిస్తోంది.

ఎందుకు చేశాను? క్రికెట్‌కి నేనే అంపైర్ని, కేరమ్స్‌కి నేనే అంపైర్ని. ఎప్పుడూ ఇంకొకడి స్కోరు రాయడమే. ఒక్కసారి గెలిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. ఇలా ఉంటుందన్నమాట.

8 మే

ఒంట్లో బాలేదు, నా బదులు అమ్మిరాజుని పంపండని పాపారావు గారిని అడిగాను. ఆయన నవ్వి గోడ మీద చార్టు చూపించారు. మీరు రాసిందేనండి, మీరే తప్పితే ఎలాగండి అన్నారు. నేను మానేస్తే మా షాపు నుంచి ఎవరూ వెళ్ళరు. అమ్మిరాజు వెళ్ళాలంటే ఒకటే దారి, నేను చేసింది చెప్పాలి. అదీ అక్కడే, నా గుండ్రటి రాతలోనే ఉంది.

11 మే

చెప్పేద్దామని ముక్తేశ్వరం వెళ్ళాను. వీరాయమ్మ గారు తాటిముంజలు పెట్టారు. గెలిచిన బాబు వచ్చేరు అని పక్కింటావిణ్ణి పిలిచి మరీ చూపించారు. అమ్మిరాజు నేల మీద సుద్దముక్కతో గోల్‌పోస్టు గీసి, రాజమండ్రిలో ఎటునుంచి కొట్టాలో చెబుతూనే ఉన్నాడు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. మాట నాలుక దాకా వచ్చింది. బావగారి ఉద్యోగానికి మాట వస్తుందేమోనని ఆగిపోయాను.

అబద్ధం. కోత వేళ అక్క మా వీధంతా చెబుతుంది, అదేం రహస్యం కాదు. నాకు భయం వేసింది, అంతే. వస్తుంటే మిగిలిన ముంజలు కవర్లో వేసి ఇచ్చారు. తెచ్చుకున్నాను కూడా.

14 మే

మైకులో నా పేరు ఎలా ఉంటుందో బాత్‌రూమ్‌లో అని చూసుకున్నాను. ఛీ.

18 మే, ఆదివారం

మీకు తోడుంటానండి అని అమ్మిరాజు కూడా బయలుదేరాడు. జొన్నాడలో బస్సు ఆగితే దిగి, ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు తెచ్చి ముందు నాకే ఇచ్చాడు.

అమలాపురం, హరిబాబు అని మైకులో పిలిచారు. వాడు ఈల వేశాడు. నేను 0-4 ఓడిపోయాను.

మధ్యాహ్నం ఎవరిదో ఆటలో కరెంటు పోయింది. జనరేటర్ పలకలేదు. కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళింది. అమ్మిరాజు మధ్యలో దూరి, మా షాపులో దీనికి రూలుందండి, మా హరిబాబు గారు పెట్టేరండి, నా మీదే అమలయ్యిందండి, నేనేమీ అనలేదండి అన్నాడు. ఓడినవాడే మెచ్చుకుంటుంటే ఎవరు కాదంటారు. అందరూ చల్లబడ్డారు. కరెంటు వచ్చాక మైకులో ప్రకటించారు, ఇకమీదట అమలాపురం రూలే పాటిస్తాం, హరిబాబు గారికి థ్యాంక్స్ అని. చప్పట్లు కొట్టారు.

నా పేరు మైకులో రెండుసార్లు. వాడి పేరు ఒక్కసారీ లేదు.

తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. అమలాపురం వచ్చేదాకా కదల్లేదు నేను. కదిలితే లేస్తాడు, లేస్తే చెప్పాలి.

24 మే

వెళ్ళిపోయాడు. బస్సు దగ్గరికి నేను వెళ్ళలేదు. తలనొప్పి అని కబురు పంపాను.

6 జూలై, ఆదివారం

షాపుకి మస్కట్ నుంచి ఫోన్. నన్నే పిలవమన్నాడట. వాళ్ళ రూములో ఎనిమిది మంది కుర్రాళ్ళు కలిసి గేమ్ కొన్నారట, మా రూల్సన్నీ రాసి గోడకి అంటించాడట. ఇక్కడ అసలు కరెంటు పోదండి, అయినా అది కూడా రాసేనండి, అన్నిట్లోకీ అదే మంచి రూలండి అన్నాడు.

అది తీసెయ్యరా అన్నాను.

ఎందుకండి అన్నాడు.

పోన్లే, ఉండనీ అన్నాను.