ఏనుగు మీద పెళ్ళికొడుకు

జూన్ 14, శనివారం

ఇవాళ మా వియ్యంకుడు రామాంజనేయుల్ని ఏనుగెక్కించాను.

ఆయన పెళ్ళికి ఒక్క ఫోటో కూడా లేదు. తీసినవాడు రీలు పాడుచేశాడట. నేను కనపడినప్పుడల్లా అదే పట్టుకుంటాను. అసలు మీకు పెళ్ళయిందా బావగారూ, సాక్ష్యమేదీ అని. మా కోడలు భానుశ్రీ ఆయన కూతురే. మా నాన్న జోలికెళ్ళకండి మావయ్యగారూ అంటుంది. వెళ్ళకపోతే ఇంక వియ్యంకుడెందుకు?

మనవరాలు మనోజ్ఞ నా ఫోన్లో ఏఐ యాప్ వేసింది. నోటితో చెబితే చాలు, బొమ్మ తయారుచేస్తుంది. ఐదో తరగతితో ఆపేసినవాడికి అంతకన్నా ఏం కావాలి? బావగారి కుర్రతనం ఫోటో ఒకటి ఇచ్చి, ఇతను పెళ్ళికొడుకు, బెజవాడ వన్ టౌన్లో ఏనుగు మీద ఊరేగుతున్నాడు, బ్లాక్ అండ్ వైట్ అన్నాను. చిటికెలో వచ్చింది. బాసికం, బుగ్గన చుక్క, కింద జనం. ఆయనకన్నా ఏనుగే కళగా ఉంది.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, మీ పెళ్ళి ఫోటో దొరికింది బావగారూ, పాత స్టూడియో బీరువాలో పడుందట అని వాయిస్ పంపాను. ఒకటే నవ్వులు.

జూన్ 15, పొద్దున

బావగారు ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. ఆ ఏనుగు పేరేంటో గుర్తు రావట్లేదు బావగారూ అన్నాడు. నాకే ఎదురు జోకు వేస్తున్నాడనుకుని, లక్ష్మి కదండీ అన్నాను. ఆఁ, లక్ష్మి, అన్నాడు. ఫోన్ పెట్టేసి పొట్ట పట్టుకుని నవ్వాను.

జూన్ 22, ఆదివారం

కంకిపాడు నుంచి బస్సెక్కి గుణదల వెళ్ళాను, వాళ్ళింటికి. పక్కింటి తెరేసమ్మగారికి బావగారు తన పెళ్ళి ఊరేగింపు చెబుతున్నాడు. ఏనుగు తొండం చాపి బండి మీది అరటి గెల లాగేసిందట. బండివాడు దండకం చదువుతూ వెంటపడ్డాడట. అవేవీ నేను చెప్పినవి కావు. ఫోటోలో గెల లేదు, బండీ లేదు.

నేనూరుకోవచ్చు కదా. దిగేటప్పుడు మీ పంచె ఊడిపోయింది కదండీ బావగారూ అన్నాను. ఊడలేదండీ, కాస్త జారింది అన్నాడు సీరియస్‌గా. తెరేసమ్మగారు పడీపడీ నవ్వింది. అందరూ నవ్వుతున్నారని ఆయనా నవ్వాడు.

మా వియ్యపురాలు సుధామణి నవ్వలేదు. కాఫీ ఇచ్చి లోపలికెళ్ళిపోయింది. నా గ్లాసులో పంచదార లేదు.

జూన్ 23

భానుశ్రీ నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

జూన్ 25, మధ్యాహ్నం

మాట్లాడింది. మాట్లాడకపోతేనే నయం. నాన్నకి మరుపు జబ్బని ఉగాదినాడే మీకు చెప్పాను కదా మావయ్యగారూ అంది.

చెప్పింది. డాక్టరు మాత్రలు రాశాడని కూడా చెప్పింది. ఈ వయసులో ఎవరికి లేదులే అని నేనే కొట్టిపారేశాను. ఇదెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు తెలుసు. తెలిసే పంపాను. ఆయన అడిగిందే మళ్ళీ అడిగితే రెండోసారి ఇంకో జవాబు చెప్పి తమాషా చూసేవాణ్ణి. నమ్మేవాడు దొరికితే నాకు పండగ.

అమ్మ ఏడుస్తోంది, ఎందుకో నాకు చెప్పట్లేదు అంది భానుశ్రీ.

జూన్ 28, శనివారం

గుణదల వెళ్ళాను. సుధామణి నాకు చెప్పింది. బావగారు పడుకున్నాక, వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా చెప్పింది.

ఆవిడ పుట్టిల్లు దివిసీమలో. అప్పగింతలయ్యాక ట్రాక్టరు తొట్టిలో బయల్దేరారట. కాలవ గట్టు మీదకొచ్చేసరికి వాన. ట్రాక్టరు బురదలో దిగబడింది. పెళ్ళివారంతా దిగి తోస్తున్నారు. ఈయనెక్కడి నుంచో ఖాళీ యూరియా సంచీ తెచ్చి, ఒక మూల ఇంకో మూలలోకి దోపి, ఈవిడ నెత్తిన కప్పాడట. తనూ అందులోనే తల దూర్చాడట. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. ఆ సంచీ కింద చూసుకున్నారు. ఆయన ఈవిడతో అన్న మొదటి మాట, ఎరువు వాసనొస్తోందా అని. కళ్ళు మండుతున్నా, లేదండీ అందట.

అప్పట్నుంచీ వాన పడ్డప్పుడల్లా ఆయన అడిగేవాడు, వాసనొస్తోందా అని. లేదండీ అనేది ఈవిడ. ఎవరికీ తెలీదు. పిల్లలకి కూడా.

మొన్న వాన పడితే బావగారు కిటికీ దగ్గర కూర్చుని, పాపం లక్ష్మి తడిసిపోతుందేమో అన్నాడట. ఈవిడే తెగించి అడిగిందట, వాసనొస్తోందా అని. ఏం వాసన అన్నాడట. ట్రాక్టరూ, సంచీ అన్నీ గుర్తు చేస్తే మొహం మాడ్చుకుని, నేనొచ్చింది ఏనుగు మీద, నీకు సంచీ కప్పినవాడెవడు అని అడిగాడట.

ఫోటో లేదని నేనెప్పుడూ బాధపడలేదు అన్నయ్యగారూ, అది ఆయన దగ్గరుందిలే అనుకునేదాన్ని, అంది సుధామణి.

అంతే. ఒక్క మాట తిట్టలేదు. నేను అక్కడున్న చిక్కుడుకాయలన్నీ ఒలిచేసి వచ్చేశాను.

జూన్ 29, ఆదివారం

బావగారి ముందు కూర్చుని ఒప్పుకున్నాను. అది ఫోటో కాదండీ, బొమ్మ, నేనే చేయించాను అని. నమ్మలేదు. ఎలా చేస్తారో చూడండి అని ఆయన కళ్ళముందే గుర్రం మీద కూర్చోబెట్టి చూపించాను.

ఆయన చాలాసేపు చూశాడు. గుర్రం కూడా ఎక్కానా బావగారూ అన్నాడు.

జూన్ 30

గ్రూపులో అందరికీ వాయిస్ పెట్టాను. ఏనుగు ఫోటో అబద్ధం, నాది పాడుబుద్ధి, క్షమించండి అని. మళ్ళీ నవ్వులే. ఈసారెవర్ని ఎక్కిస్తున్నావ్ మావయ్యా అని మా మేనల్లుడు. నేను ఏడుస్తూ చెప్పినా జోకే. అలా పెంచుకున్నాను అందర్నీ.

జూలై 3, గురువారం

బుద్ధి రాలేదు. నిజం బొమ్మ చేయిస్తే తప్పేముంది అనుకున్నాను. కాలవ గట్టు, వాన, ట్రాక్టరు, సంచీ కింద ఇద్దరు. యాప్ బ్రహ్మాండంగా చేసింది. నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. మంచిపని చేశానని గబగబా గుణదల వెళ్ళి సుధామణికి చూపించాను.

చేతులు కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఈ పిల్ల నేను కాదండీ, నేనింత తెలుపెక్కడ అంది. ఆయన అప్పుడు నాకేసి చూశారు, ఇక్కడ ఎటో చూస్తున్నారు అంది. ఇంకాసేపు చూసి, గభాలున ఫోన్ నా చేతిలో పెట్టేసింది. తీసెయ్యండి అన్నయ్యగారూ, దీన్నే చూస్తుంటే నాది కూడా పోతుంది అంది.

ఆవిడ ముందే తీసేశాను. యాప్ కూడా.

జూలై 6

ఇవాళ్టి నుంచి ఫోన్ ఇంట్లో పెట్టి వెళుతున్నాను. బావగారి పక్కన కూర్చుని ట్రాక్టరు సంగతి నోటితో చెబుతాను. తప్పులు సుధామణి దిద్దుతుంది. తొట్టి రంగు కూడా కల్పించడానికి లేదు. కల్పించకుండా ఒక కథ చెప్పడం నాకు ఇదే మొదలు.

జూలై 11

సంచీ దాకా వచ్చాను. తర్వాత ఏనుగు తోసిందా అన్నాడు.

జూలై 20

ఇవాళ ఆయనే చెప్పాడు. గట్టు, వాన, బురద, సంచీ. ఏనుగు లేదు. సుధామణి వైపు వంగి వాసనొస్తోందా అన్నాడు. ఆవిడ లేదండీ అంది.

తర్వాత నాకేసి తిరిగి, ట్రాక్టరు తోలింది మీరే కదా బావగారూ అన్నాడు.

ఆ పెళ్ళినాటికి వాళ్ళెవరో నాకు తెలీదు. సుధామణి కాదని చెప్పొద్దన్నట్టు చూసింది.

తల దించుకుని, అవునండీ, దిగబడేసింది నేనే అన్నాను.