ఎండలో ఉండిపోయిన దిమ్మలు

శుక్రవారం, రాత్రి

రేపే మా అమ్మాయి కెజియా ఇంజనీరింగ్ ప్రాజెక్టు ప్రజెంటేషన్. సాయంత్రం అదీ, దాని స్నేహితురాలు నస్రీనూ మా ఇంట్లోనే రిపోర్టు పూర్తిచేశారు. వాళ్ళు పోసిన కాంక్రీటు దిమ్మలు పరీక్షలో అనుకున్నంత బరువు మోయలేదు. తప్పు నాది. భవానీపురం ప్రార్థన కూటం నాడు గిన్నెలు కడగడానికి డ్రమ్ము కావాలని, గట్టిపడడానికి అందులో నానుతున్న దిమ్మల్ని తీసి మేడమీద పెట్టి, రెండు రోజులు మరిచిపోయాను. తాపీ మేస్త్రినై ఉండి!

"నీళ్ళలోనే ఉన్నాయని రాసేద్దాం అంకుల్. గైడ్ సారే అలా రాయమన్నారు," అంది నస్రీన్.

నాకు ఒళ్ళు మండింది. గోడ వంకర పట్టే మట్టపు గుండు పట్టుకుని దేవుడు గోడ దగ్గర నిలబడడం బైబిల్లో ప్రవక్త చూశాడు. ఆ గుండు సారుకి కనబడకపోతే పోనీ, నాకు కనబడుతుంది.

"ఉన్నదున్నట్టు రాయండమ్మా! మార్కులు పోతే పోనీ!" అని కేకేశాను.

కెజియా ఇంగ్లీషులో టైపు చేసి, తెలుగులో చదివి వినిపించింది: "మా నాన్న నిర్లక్ష్యం వల్ల రెండు రోజులు ఎండాయి." తర్వాత నా వైపు తిరిగింది. "పోయేవి నా మార్కులు నాన్నా. మరి ఆదివారం చర్చిలో ప్రసంగానికి మైకు పట్టుకున్నప్పుడు నీ తప్పు నువ్వు చెప్తావా?"

చెప్తానన్నాను. అక్కడ ముందు వరుసలో కూర్చునే మా పనివాళ్ళంతా గోడకి నీళ్ళు పట్టలేదని నా చేత తిట్లు తిన్నవాళ్ళే. నవ్వుకోనీ, నేను ఓర్చుకుంటాను. కానీ రేపు మాట కాదన్న సారు ముందు నిలబడాల్సింది ఆ పిల్లలిద్దరూ...

ప్రభువా, ఆ గుండు పట్టుకుని రేపు ఆ హాల్లో నువ్వు కూడా నిలబడాలి మరి.