బూడిద పోసిన గడప

మార్చి 4, 1991

మ్యూజియం నుంచి ఫోన్. ఇమోజెన్ అనే అమ్మాయి. జీవితంలో ఒక్కసారి కూడా నేల తుడిచి ఎరగదని గొంతు వింటేనే తెలుస్తుంది. లయనెల్ వాన్స్ ఫొటోలతో పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నారట. మా అమ్మ ఇంకా బతికే ఉందని చెబితే పొంగిపోయింది.

"ఆశ లేని గడప" అని వాన్స్ తీసిన ఫొటోలో ఉన్నది మా అమ్మ, హెట్టీ ఎంట్విసిల్. పక్కన ఆవిడ ఏప్రన్ పట్టుకుని, చీమిడి ముక్కుతో నిలబడ్డ ఎనిమిదేళ్ల పిల్లను నేను. 1949లో ఒక బొమ్మల వారపత్రికలో పడింది. తర్వాత పుస్తకాల్లో, పోస్టర్ల మీద, ఒకసారి బిస్కట్ డబ్బా మీద కూడా. ఇంగ్లండ్‌లో పేదరికం అంటే మా ఇద్దరి మొహాలే.

మార్చి 5

వృద్ధుల హోమ్‌కి వెళ్లి అమ్మకి చెప్పాను. ఒకటే అడిగింది. ఆ గడప సంగతి ఇప్పుడైనా రాస్తారా అని.

రెండు కుర్చీల అవతల ఐవీ పిల్లింగ్ కూర్చుని ఉంది. పాత వీధిలో మా ఎదురింటావిడ. సాల్ఫర్డ్‌లో ఇన్ని హోమ్‌లుండగా దేవుడు ఇద్దర్నీ ఇందులోనే పడేశాడు. రాయకేం, మురికి హెట్టీ అని బంగారు అక్షరాలతో రాస్తార్లే, అంది ఐవీ. నలభై ఏళ్లుగా అదే పేరు. నోరు నొప్పి పుట్టదు ఆవిడకి.

మార్చి 10, ఆదివారం

వాన. ఇంట్లోనే ఉన్నాను. చూసింది చూసినట్టు రాసి పెట్టుకుంటాను.

అప్పట్లో మా వీధిలో ఆడవాళ్లు పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని గడప మెట్టు తోమేవారు. పాతబట్టలవాడు గుడ్డలు తీసుకుని బదులుగా సుద్దలాంటి రాయి ఒకటి ఇచ్చేవాడు, మెట్టు తెల్లగా అయ్యేదాకా దాంతో రుద్దేవారు. కడుపుకి లేకపోయినా మెట్టు తెల్లగా ఉండాల్సిందే. మెట్టు తోమని ఇంట్లో ఇరుగుపొరుగు ఎవరూ టీ కూడా తాగేవారు కాదు. అమ్మ మెట్టు వీధి మొత్తానికీ తెలుపు. ఐవీకి అదే కడుపుమంట.

ఒకరోజు వాన్స్ వచ్చాడు, వెంట పత్రికలో కథనం రాసే ఇంకొకడు. ఫొటోలు పత్రికలో పడితే కౌన్సిల్ వాళ్లు సిగ్గు తెచ్చుకుని బాత్‌రూమ్ ఉన్న ఇల్లు ఇస్తారని అమ్మకి చెప్పారు. వాన్స్ కెమెరాలోంచి చూసి, మెట్టు మరీ తెల్లగా ఉందమ్మా, ఇలా ఉంటే జాలి ఎవరు పడతారు, అన్నాడు. రాసేవాడు మా పొయ్యి దగ్గర్నుంచి బూడిద బకెట్ తెచ్చి మెట్టు మీద కుమ్మరించాడు. అమ్మ నోరు మెదపలేదు. బాత్‌రూమ్ కోసం.

వాళ్లు వీధి మలుపు తిరగకముందే అమ్మ మళ్లీ తోమేసింది. ఏం లాభం? పత్రిక వచ్చాక మా ఇంట్లో ఎవరూ టీ తాగలేదు. బాత్‌రూమ్ ఉన్న ఇల్లు మొదట ఐవీకి వచ్చింది.

మార్చి 16

ఇమోజెన్ హోమ్‌కి వచ్చి అమ్మ నోట బూడిద సంగతి వింది. అమ్మ చెయ్యి పట్టుకుని మాటిచ్చింది, ఫొటో కింద వివరాలు రాసే కార్డు మార్పిస్తానని. మీ మాటే రాయిస్తాను మిసెస్ ఎంట్విసిల్, ప్రారంభానికి మీరు వస్తే అదే మాకు పండగ, అంది. పాత ఇటుకలు ఏరి తెచ్చి మ్యూజియంలో మా గుమ్మం మళ్లీ కట్టారట. మెట్టు మీద అసలైన బొగ్గు బూడిదేనట, ఎంత వెతికితే దొరికిందో అంటూ మురిసిపోయింది. మాకు ఊరికే దొరికేది.

మార్చి 17

ఐవీ కూడా వస్తుందట. అమ్మే పిలిచింది.

మార్చి 21, సాయంత్రం

మ్యూజియం నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. రాస్తాను.

కార్డు మార్చారు. అమ్మ కళ్లద్దాలు మర్చిపోయింది. నేను చదువుతానంటే వద్దంది. ఐవీ నోటితోనే వినాలని పంతం. ఐవీ చక్రాల కుర్చీలోంచి ముందుకి వంగి గదంతా వినబడేలా చదివింది: "బూడిద విషయంలో మిసెస్ ఎంట్విసిల్ జ్ఞాపకం వేరుగా ఉంది." తర్వాత అర్థం కూడా చెప్పింది. నీకు మతి పోయిందని మర్యాదగా రాశారే హెట్టీ, అని.

అమ్మ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి మెట్టు తోమే పాత రాయి తీసింది. ఇన్నేళ్లూ దాచుకుందని నాకే తెలియదు. నీళ్లు అడిగింది. ఎవరో గ్లాసుతో ఇచ్చారు. ఎనభై మూడేళ్ల మనిషి, మోకాళ్ల మీద కూర్చుని తోమింది. బూడిద నల్లటి నీరై కారిపోయి కింద తెలుపు వచ్చింది. అందరూ చప్పట్లు. అమ్మ తలెత్తి ఐవీ వైపు చూసింది. అక్కడితో ఆగిపోయి ఉంటే!

పేపర్ ఫొటోగ్రాఫర్ రీలు అయిపోయిందన్నాడు. ఇంకొక్కసారి అమ్మగారూ, అన్నాడు. ఇమోజెన్ స్వయంగా ట్రేలో బూడిద తెచ్చి చల్లింది, కేకు మీద పంచదార చల్లినట్టు. అమ్మ మళ్లీ తోమింది. ఈసారి వెలుతురు చాల్లేదట. మళ్లీ బూడిద. నేను లేపబోతే అమ్మే నా చెయ్యి తోసేసింది. ఫొటోకి అడ్డొస్తున్నాను, జరగమన్నారు. జరిగాను.

మూడోసారి అయ్యాక అమ్మ లేవలేకపోయింది. నేనూ ఇంకొకరూ పట్టుకుని లేపాం. మోకాలి దగ్గర మేజోడు చిరిగి నెత్తురు. ఐవీ మెట్టుని అటూ ఇటూ చూసి, అంచులు వదిలేశావే, అంది.

కారులో అమ్మ దారంతా ఒకటే అడిగింది. నిజంగా వదిలేశానా బెరిల్?

మార్చి 23

పేపర్లో పడింది. మెట్టు నిండా బూడిద, దాని ముందు మోకాళ్ల మీద అమ్మ. తోమకముందు తీసినది. కింద: "నలభై ఏళ్లయినా అదే మురికి గడప."

చించి చెత్తలో పడేశాను. హోమ్‌కి వెళ్లేసరికి ఐవీ ఒళ్లో ఇంకో కాపీ. భోజనాల బల్ల చుట్టూ తిప్పిందట. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఫొటోలో తెలుపు పడిందా అని అడిగింది. పడిందన్నాను. అబద్ధం ఆడటం కూడా రాదు నీకు, అంది.

మార్చి 30

అమ్మ పోయింది. మోకాలి పుండు విషమించి ఒళ్లంతా పాకిందన్నారు డాక్టర్లు. వాళ్లకేం తెలుసు.

ఏప్రిల్ 5

ఖననం అయింది. ఐవీ నల్ల టోపీ పెట్టుకుని వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఎవర్ని దెప్పిపొడుస్తుంది పాపం.

సాయంత్రం ఇమోజెన్ ఫోన్. చాలా బాధపడింది. తర్వాత ఆ రాయి అడిగింది, అద్దాల పెట్టెలో పెడతారట. కొత్త ఫొటో కూడా పెద్దది చేసి పాతదాని పక్కనే వేలాడదీశారట. జనం విరగబడి వస్తున్నారట. కడుపు మండిపోయింది. రాయి నేనే తెస్తానన్నాను.

ఏప్రిల్ 9

మ్యూజియంలో ఆ మెట్టు తోమాను. అంచులతో సహా.

ఎవరూ ఆపలేదు. జనం చప్పట్లు కొట్టారు. ఇమోజెన్ కళ్లు తుడుచుకుంది. రేపు కూడా ఇలాగే చేస్తారా, ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తాను, అంది.

ఎన్నింటికి రమ్మంటారు అని అడిగాను.